నాన్నని కూరిన తుపాకీ

ఓజార్క్ కొండలు, ఏప్రిల్ మధ్యాహ్నం. ఇంటి వెనక పచ్చికలో రెండు గుంజల మధ్య, గురి చూసుకోవడానికి, పెద్ద కాగితం కట్టి ఉంది. దానికి ఎదురుగా డెల్బర్ట్ తన తండ్రి చెకుముకి తుపాకీలో మందు కూరుతున్నాడు. తల్లి ఓపల్ పక్కనే ఉంది.

"పోశావా?"

"ఏంటి?"

"మందు. పోశావా, పోయలేదా?"

"పోశాను. పోశాననే అనుకుంటా. అబ్బా, అమ్మా! మళ్లీ మరిపించావు కదే!"

"నేనేం చేశాన్రా? పోశావా అని అడిగానంతే."

"అదే చేశావు. అడిగావు. మందు కూరేవాడితో మాట్లాడకూడదని నాన్న పెళ్లయినప్పట్నుంచీ నీకు చెబుతూనే వచ్చాడు."

"మీ నాన్న చాలా చెప్పాడు. ఇంటికప్పు ఇంక చుక్క కూడా కారదని చెప్పాడు. మంచం కింద తపేలా ఇప్పటికీ అక్కడే ఉంది."

"ఆగు, కర్ర దింపి చూస్తా. ఈ కర్ర మీద గీత కనిపిస్తోందా? గొట్టం ఖాళీ అయితే గీత సరిగ్గా మూతి దగ్గర ఆగుతుంది. లోపల ఏదన్నా ఉంటే గీత పైకి నిలబడుతుంది."

"నిలబడిందా?"

"నిలబడింది. కొంచెం."

"కొంచెం అంటే ఎంత? ఒకసారి పోస్తే వచ్చే కొంచెమా, రెండుసార్లు పోస్తే వచ్చే కొంచెమా? రెండుసార్లు పోస్తే ఆ గొట్టం పండిన దోసకాయలా విచ్చుకుంటుందట. మా పెదనాన్న కొడుకు ఎర్ల్ బొటనవేలు ఏమైందో తెలుసు కదా?"

"ఎర్ల్ మామ బొటనవేలు రంపం కింద పడింది."

"రంపమే. కానీ ఆ రోజు వాడు తుపాకీ కొందామని ఆలోచిస్తున్నాడు."

"అమ్మా, నువ్వెళ్లి ట్రక్కు వెనకాల నిలబడు."

"నేను ట్రక్కు వెనకాల ఉంటే నీకేమన్నా అయితే ఎవరు చూస్తారు?"

"ఇక్కడుంటే నీకూ అవుతుందిగా."

"అయితే అవనీ. ఇద్దరికీ ఒకేసారి అయితే మీ అక్క ఒక్కసారి సెలవు పెడితే సరిపోతుంది."

"అట్ట బిళ్ల ఇవ్వు. అది కాదు, దళసరిది. మందు మీద ముందు దళసరి బిళ్ల. ఆఁ. ఇప్పుడు ఆ సంచిలోంచి కందిరీగల తుట్టె ముక్క, మందుకీ గుళికలకీ మధ్య మెత్తగా."

"లోపల కందిరీగలు లేవు కదా?"

"లేవు. చలికాలమంతా డీప్ ఫ్రిజ్‌లో పెట్టి ఉంచాను."

"డీప్ ఫ్రిజ్‌లోనా! దాని పక్కనే కదరా నేను జింక మాంసం పెట్టింది?"

"తిన్నావుగా. ఏమన్నా అయిందా?"

"ఆ రోజు కడుపులో ఒకలాగ ఉంది. నేను కాన్సరేమో అనుకున్నా."

"ఇప్పుడు గుళికలు. ఆ బూడిద ఇటు తే."

"ఏ బూడిద?"

"పొయ్యి బూడిద."

"సరిగ్గా చూశావా?"

"చూశానమ్మా. పొయ్యిలోంచి నేనే తీశాను. నాన్న వంటింట్లో ఉన్నాడు, పొగాకు డబ్బాలో, టేబుల్ మీద. పొద్దున్న ఆయన ముందు కాఫీ కప్పు పెట్టింది నువ్వే."

"వాసనకి పెట్టానంతే. పిచ్చిదాన్ననుకుంటున్నావా? తర్వాత నేనే తాగేశాను."

"పిచ్చి అన్లేదు. ఆయన ఒక్క కూరుడుకే సరిపడా ఉన్నాడని చెబుతున్నా. చర్చి పెరట్లో పాతింది పాతాం. అక్క తన వాటా తీసుకెళ్లి ఏట్లో కలిపింది. మిగిలింది ఆ డబ్బాలోదే. ఒక్క కూరుడు, ఒక్క దెబ్బ. అందుకే పొయ్యి బూడిదతో ముందు అన్నీ సరిచూసుకుంటున్నా. ఎంత మందు, ఎన్ని గుళికలు, ఎంత బూడిద, ఎంత దూరం."

"ఆ మాట అన్నప్పుడు మీ నాన్నకి జ్వరం."

"జ్వరమేం లేదు. బీన్సూ మొక్కజొన్న రొట్టే తింటున్నాడు. 'నేను పోయాక నన్ను గుళికల్లో కలిపి, నా తుపాకీలోనే కూరి, పాస్టరుగారి మెడకేసి కొట్టండి' అన్నాడు. అని ఇంకో గరిటె బీన్స్ వెయ్యమన్నాడు."

"ఊరికే పాస్టరుగారు పాస్టరుగారు అనకు. వినేవాళ్లు ఏమనుకుంటారు?"

"పుంజు పేరని ఊరందరికీ తెలుసు. ఎర్రటి మెడ, ఉబ్బించిన రొమ్ము, తెల్లారకుండానే లోకమంతటికీ వినబడేలా అరుపు. అడవి టర్కీ పుంజుకి అంతకంటే మంచి పేరేముంది? అసలు పాస్టరుగారికీ తెలుసు. సమాధి దగ్గర ఆయన నవ్వాపుకోలేక బైబిలు మొహానికి అడ్డం పెట్టుకోలేదూ?"

"నేను ఏడుస్తున్నాడనుకున్నా."

"సరే. పైన పల్చటి బిళ్ల. తుపాకీ పక్కనున్న ఈ చిన్న గిన్నెలో రంజకం చిటికెడు. ఇది నిప్పంటుకుంటే ఈ పక్క బెజ్జంలోంచి నిప్పు లోపలికి పోతుంది. చెవులు మూసుకో."

"మూసుకున్నా."

"మూసుకుంటే ఎలా విన్నావు?"

"కళ్లద్దాలు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

"వాటిమీద మీ నాన్నవి కూడా పెట్టుకో."

"కొడుతున్నా!"

"అమ్మో! తల్లో! డెల్! డెల్! ఉన్నావా?"

"ఉన్నా. పొగ తగ్గనీ."

"వేళ్లు లెక్కపెట్టు."

"అమ్మా."

"లెక్కపెట్టరా అంటే!"

"అన్నీ ఉన్నాయి. పద, కాగితం చూద్దాం. ఛీ. ఇదేంటిది? చుట్టూ గట్టు, నడుమ చెరువు. నడుమ ఒక్క గుళిక పడలేదు!"

"బాగానే ఉంది కదా, గుండ్రంగా."

"గుండ్రంగా ఉంటే సరిపోతుందా? పాస్టరుగారు ఈ ఖాళీలో నిలబడి ప్రసంగం మొత్తం పూర్తి చేసుకుని వెళ్లిపోవచ్చు. నాన్నేమో చుట్టూ గడ్డి మీద పడతాడు."

"అయితే మానెయ్యరా. కుదరలేదని చెబుదాం."

"ఎవరికి చెబుదాం?"

"ఎవరికో ఒకరికి. అయ్యో, అటు చూడు, పక్క పొలం హోబర్ట్ కంచె దూకుతున్నాడు! ఈ వయసులో కంచె దూకడమేంటి! తుంటి విరిగితే ఎవరు మోస్తారు?"

"బాబాయ్! గేటుంది కదా!"

"గేటు ముసలాళ్లకిరా. ఏంటా మోత? మా ఆవులు బెదిరిపోయి పాలు చేపనంటున్నాయి. వదినా, బాగున్నావా?"

"ఏం బాగు హోబర్ట్. వీడు చేతులు పోగొట్టుకునేలా ఉన్నాడు. నేను ఆంబులెన్స్ వాళ్లకి ముందే ఫోన్ చేసి పెట్టాను."

"ఏమని చేశావమ్మా!"

"ఇంకా ఏమీ జరగలేదు, జరిగితే ఎర్ర పోస్టు డబ్బా ఉన్న మలుపు దగ్గర తిరగండి అని. వాళ్లు ఎప్పుడూ ముందుకెళ్లిపోతారు."

"మంచి పని చేశావు వదినా. ఏదీ, కాగితం ఇటు చూపించరా. ఓరి దేవుడా! ఎంత మందు పోశావు?"

"నాన్న పోసేంత."

"మీ నాన్న అంత పోసి ఆ పుంజుని మూడేళ్లు వరసగా తప్పాడు. ఆయన కొలత పట్టుకుని ఏం సాధిద్దామని?"

"పోయినవాణ్ణి అనకు హోబర్ట్."

"ఉన్నప్పుడూ అన్నాను వదినా, మొహం మీదే. అన్నందుకు పుంజుకి ఎరగా నేను అడవిలో నిలబెట్టిన బొమ్మ పెట్టని కాల్చేశాడు."

"అది బొమ్మని ఆయనకి తెలీదు."

"దానికి కాళ్లు లేవు. ఇనప చువ్వ మీద ఉంది!"

"దూరంనుంచి కనబడలేదన్నాడు."

"దూరమేంటి, ఇద్దరం ఒకే చెట్టు కింద కూర్చున్నాం. సరే పోనీ. డెల్, విను. మందెక్కువైతే మోత, సీసమెక్కువైతే కోత. కొలతలో పావు వంతు మందు తగ్గించు, ఆ మేరకి గుళికలు పెంచు. ఈ తుట్టె ముక్క కూడా బాగా మందంగా ఉంది. ఇది వెనకనుంచి తోసుకొచ్చి గుళికల నడుమ దూరిపోతోంది. పెళ్లి పందిట్లోకి తాగొచ్చిన మేనమామ లాగ. ఆయన దూరాక అందరూ పక్కలకి పోరూ?"

"అదన్నమాట నడుమ చెరువు!"

"అదే. తుట్టె సగానికి చీల్చు. ముందు గొట్టం తుడువు. ఉమ్మితో తడిపి తుడువు, నీళ్లతో కాదు."

"ఉమ్మా? క్రిములుండవూ?"

"వదినా, క్రిములున్నా ఈ దెబ్బకి బతకవు."

"నువ్వు నెమ్మదిగా కూరరా డెల్. కంగారుపడకు. కూరేటప్పుడు ఎడమ చెయ్యి మూతి మీద పెట్టకు. మొహం దూరంగా..."

"అమ్మా!"

"వదినా, వాడు కూరేటప్పుడు మాట్లాడకు. ఇటు రా, మనిద్దరం మాట్లాడుకుందాం. ఎలా ఉంది నీకు?"

"నాకేం. బానే ఉంది."

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది. అప్పుడప్పుడు లేచి తలుపులు చూసుకుంటా. పొయ్యి చూసుకుంటా. ఆ డబ్బా చూసుకుంటా, ఎలకలు లాక్కెళ్తాయేమోనని."

"పొగాకు డబ్బాని ఎలకలేం చేసుకుంటాయి?"

"ఈ రోజుల్లో ఎలకల్ని నమ్మలేం."

"బాబాయ్, సిద్ధం. మందు తగ్గించాను, గుళికలు పెంచాను. బూడిద గుళికల సందుల్లో కలిపేశాను. చెవులు!"

"అమ్మో!"

"వేళ్లన్నీ ఉన్నాయమ్మా! నువ్వడక్కముందే చెబుతున్నా."

"కాగితం, కాగితం చూడు! వదినా, ఇటు రా! అన్నీ ఒక్క చోటే! అరచేత్తో మూసెయ్యొచ్చు!"

"నిజమే బాబాయ్! బూడిద లేకుండా కొట్టినప్పుడు ఇంత దగ్గరగా ఎప్పుడూ పడలేదు."

"బూడిద వల్లే. గుళికలు ఒకదానికొకటి రాసుకుని నొక్కుకుపోకుండా సందుల్లో మెత్తగా అడ్డం ఉంటుంది. మా తాత మొక్కజొన్న పిండి కలిపేవాడు ఇందుకే. మీ నాన్న వర్జిల్‌ని చూడు! బతికున్నన్నాళ్లూ చర్చి కమిటీలో ఇద్దర్ని ఒక బల్ల మీద కూర్చోనివ్వలేదు. ఇప్పుడు అన్ని గుళికల్నీ కలిపి ఒక్క తాటి మీద నడిపిస్తున్నాడు!"

"అంటే నాన్న వల్లే దెబ్బ తగులుతుందన్నమాట. అమ్మా, విన్నావా?"

"విన్నా."

"సంతోషంగా లేదా?"

"ఉంది. ఎందుకుండదు. కానీ ఇది పొయ్యి బూడిద. మెత్తన. మీ నాన్న మెత్తన కాదు."

"మెత్తన కాదంటే?"

"గరుగ్గా ఉన్నాడు. పలుకులు పలుకులుగా. గొట్టం గీసుకుపోతుంది. అడ్డం పడుతుంది. పేలుతుంది. వద్దులేరా."

"నీకెలా తెలుసు? డబ్బా తీసి చూశావా?"

"మూత బిగుసుకుపోయిందేమోనని చూశాను. ఒకసారి. ఎప్పుడన్నా ఒకసారి చూస్తా."

"వదిన చెప్పింది నిజమేరా. పలుకులుంటాయి. జల్లించాలి."

"ఏంటీ?"

"జల్లెడ వదినా. బిస్కెట్ల పిండి జల్లెడ."

"మా ఆయన్ని జల్లెడ పడతావా హోబర్ట్!"

"నేనెందుకు, నువ్వే పట్టు. ఇన్నేళ్లూ ఆయన్లో రాళ్లేరింది నువ్వే కదా."

"జల్లిస్తే పైన మిగిలింది ఏం చెయ్యాలి బాబాయ్? మొత్తం ఆయనే వెళ్లాలి. సగం నాన్నని కొడితే ఒప్పుకోడు."

"అయితే నూరాలి. వదినా, మీ ఇంట్లో చేత్తో తిప్పే పాత కాఫీ మర ఉండేది కదా?"

"ఆ మర ఆయనదే. పొద్దున్నే తిప్పి నన్ను లేపేవాడు. ఇల్లంతా కంకర మిల్లులా మోగేది. నేను తిట్టేదాన్ని."

"దాంట్లో ఒక్క తిప్పు తిప్పితే చాలు. కాఫీ అంటే ఆయనకి అభ్యంతరం ఉండదు."

"నేను తిప్పలేను."

"నేను తిప్పుతాలే అమ్మా."

"నువ్వు గబగబా తిప్పుతావు. నెమ్మదిగా తిప్పాలి. నేనే తిప్పుతాలే. డెల్, సోమవారం, వేట మొదలయ్యే రోజే, వానట."

"వాన లేదు."

"రేడియోలో చెప్పారు."

"రేడియోలో పక్క జిల్లా గురించి చెప్పారు."

"పక్క జిల్లాలో పడితే ఇక్కడికి రాదా? తడిస్తే రంజకం అంటుకోదు. అప్పుడు ఆయన గొట్టంలో తడిసిపోయి ముద్దయిపోతాడు. మంచు కూడా ఉంటుంది. ఆ గుట్ట కింద అవతలి స్థలం వాళ్ల కంచె ఉంది. గాలి అటు వీస్తే మీ నాన్న వాళ్ల పొలంలో పడతాడు. ఆ ఇంటివాళ్లతో ఆయనకి మాటల్లేవు."

"వదినా, ఒక్క మాట అడగనా? నీకు పంపడం ఇష్టం లేదా?"

"నాకా? నాకేం ఇష్టం లేకపోవడం? ఆయన కోరుకున్నాడు, ఆయన వెళ్తాడు. వెళ్లమను. టేబుల్ మీద చోటు కూడా కలిసొస్తుంది. ఆ మూలన ఎప్పుడూ ఇరుకే. నేను పొయ్యి మీద బీన్స్ పెట్టొచ్చాను, మాడిపోతుంటాయి. వెళ్తున్నా."

"వెళ్లిపోయింది బాబాయ్."

"బీన్స్ వాసన వస్తోందా నీకు?"

"ఇవాళ పొయ్యే వెలిగించలేదు. బూడిద తీశాను కదా."

"హూఁ. సోమవారం పెట్ట కూత ఎవరు కూస్తారు? నువ్వా?"

"నేను కూస్తే పుంజులు నవ్వుకుంటాయి. అమ్మే. నాన్న అలాగే చెప్పాడు. పెట్ట కూత పలికే ఆ చెక్కపెట్టెని అమ్మ గీకితే పెళ్లయిన పుంజులు కూడా ఇల్లొదిలి వచ్చేస్తాయట."

"అది నిజమే. మీ నాన్నా అలాగే వచ్చాడు. ఒరేయ్ డెల్, నీకు కుదిరిన కొలత ఇదే. గుర్తుపెట్టుకో. మందు, దళసరి బిళ్ల, తుట్టె సగం, గుళికల్లో నాన్న, పల్చటి బిళ్ల. మధ్యలో ఎవరితోనూ మాట్లాడకు. పూర్తయ్యాక కర్ర దింపి గీత చూసుకో. కొండంత తుపాకీ వీరుల్ని కూడా ఒక్క మాట మరిపించేస్తుంది."

"ఇదే తొలిసారా బాబాయ్ నేను కూరడం?"

"నాన్నని కూరడం తొలిసారేగా."

సోమవారం. టర్కీ వేట మొదలైన పొద్దు. అడవంచున ఓక్ చెట్టు కింద తల్లీకొడుకులు కూర్చున్నారు. తెల్లవారుతోంది.

"తడి నేల మీద కూర్చోకు."

"కూర్చున్నా."

"పిడుదులుంటాయి."

"ఉంటాయి. మెల్లగా మాట్లాడు."

"మెల్లగానే మాట్లాడుతున్నా. డెల్, ఆ కట్టె పాములా ఉంది."

"కట్టేనమ్మా."

"మొన్న పెరట్లో పాము కూడా కట్టెలాగే ఉంది."

"నింపిన తుపాకీ ట్రక్కులో పెట్టొద్దన్నావు, పెట్టలేదు. చీకట్లో కూరొద్దన్నావు, వెలుగొచ్చేదాకా ఆగాను. ఇంక కూరుకోనివ్వు. డబ్బా ఇవ్వు."

"నా జేబులో ఉంది. వెచ్చగా ఉంటుందని."

"ఇవ్వు మరి."

"ఇస్తున్నా. ఉండు. కోటు గుండీ రావట్లేదు. మెత్తగా నూరాను. నాలుగుసార్లు తిప్పాను మర. ఆ మోతకి ఎవరో పిలిచినట్టు లేచి కూర్చున్నాను, నేనే తిప్పుతూ."

"డబ్బా, అమ్మా."

"ఇదిగో. మూత నేను తీస్తా. నీ చేతులు మందు చేతులు."

"తీసి పట్టుకో. ఇప్పుడు నేను మొదలుపెడుతున్నా. ఇంక నోరు మూసుకో. ఒక్క నిమిషం. నాన్న కోసం."

"మూసుకుంటా."

"మధ్యలో 'పోశావా' అనకు."

"అనను."

"ఏమీ అనకు. పాము కనబడినా అనకు."

"పాము కనబడితే ఎలా అననురా?"

"కరిచాక అను. ఒట్టు?"

"ఒట్టు."

"సరే. మందు కొమ్ము. కొలత గొట్టం. నిండుగా కాదు, పావు తక్కువ... అదిగో! విన్నావా?"

"విన్నా."

"పాస్టరుగారే! ఆ గొంతు వాడిదే! గుట్ట అవతల కాదు, ఇవతలే! చెట్టు దిగేశాడు అప్పుడే! బిళ్ల, బిళ్ల ఇవ్వు. దళసరిది!"

"డెల్..."

"ష్!"

"డెల్, నువ్వు..."

"ఒట్టేశావమ్మా!"

"సరే."

"కర్ర. తుట్టె ముక్క. కర్ర. ఇప్పుడు గుళికలు. ఇప్పుడు నాన్న. ఆ పక్క నీ చెయ్యి అడ్డం పెట్టు, గాలి పోకుండా. వెళ్తున్నాడు. వెళ్తున్నాడు. డబ్బా తట్టు. ఇంకోసారి. అంతేనా?"

"అంతే."

"పల్చటి బిళ్ల. కర్ర. రంజకం. మూత వేశా. అయిపోయింది. ఏడుస్తున్నావా?"

"లేదు. బూడిద పడింది కంట్లో."

"గాలి అటు కదా వీస్తోంది. సరే, పెట్టె తియ్. గీకు."

"గట్టిగానా?"

"మెల్లగా. సిగ్గుపడుతున్న పెట్టలాగ."

"ఇలాగా?"

"అబ్బ! ఎంత బాగా వచ్చిందో! అదిగో, జవాబిచ్చాడు. ఇంకోసారి."

"ఇంకోసారి వద్దు. ఇప్పుడు ఊరుకోవాలి. ఊరుకుంటేనే వస్తాడు. మీ నాన్నకి ఊరుకోవడం వచ్చేది కాదు."

"నువ్వా ఈ మాటనేది?"

"ష్."

"వస్తున్నాడు! ఆ పొద వెనక. తోక విప్పాడు. చూడకు. చూడు, చూడు! ఎంతున్నాడో!"

"మెడ ఎంత ఎర్రగా ఉందో పాపం."

"పాపమేంటి! నాన్న మూడేళ్లు చలిలో కూర్చున్నది దాని కోసమే!"

"నాకు తెలీదా? మూడేళ్లూ ఫ్లాస్కు మోసింది నేనే. ఇంకా దగ్గరికి పిలవనా?"

"పిలువు. ఒక్కసారి. చాలు. నీ చెయ్యి రాయిలా కదలకుండా ఉందమ్మా ఇవాళ."

"రా నాయనా. రా. ఏం కాదు, రా."

"పుంజుతో మాట్లాడకు!"

"ధైర్యం చెబుతున్నా."

"ఇదే దూరం. కాగితానికి ఉన్నంత. మెడ ఎత్తాడు. చెవులు మూసుకో."

"అక్కర్లేదు."

"ఏంటి?"

"కొట్టు, కొట్టు. నిన్నే చూస్తున్నాడు."

"నాన్నా, వెళ్లిరా."

"వెళ్లిరండి."

"ఏంటిది? భగ్గుమంది! పేలలేదు! కదలకు! ఆలస్యంగా పేలొచ్చు! తుపాకీ అటే పట్టుకున్నా, నువ్వు కదలకు!"

"కదల్లేదు."

"పుంజు! పుంజు పోతోంది!"

"పోయింది. ఎంత పరుగో! ఆ వయసులో!"

"ఉండు. మళ్లీ రంజకం పోస్తా. సూదితో బెజ్జం పొడిచా. ఇదిగో. ఛీ! మళ్లీ గిన్నెలోనే భగ్గుమంది. లోపలికి నిప్పు పోతోంది, లోపల ఏమీ అంటుకోవట్లేదు. కర్ర ఇవ్వు. కర్ర."

"ఇదిగో."

"గీత... గీత ఇక్కడుందేంటి? ఇంత కిందికి దిగకూడదు. బిళ్లుంది. తుట్టె ఉంది. గుళికలున్నాయి. నాన్న ఉన్నాడు. అమ్మా, మందు లేదు!"

"అయ్యో."

"మందు లేదు! కొలత గొట్టం చూడు, కొలిచిన మందు కొలిచినట్టే ఇక్కడే నేల మీద ఉంది! నేను పోయలేదు! పుంజు కూసింది, నేను కొలత కింద పెట్టేసి బిళ్ల తీసుకున్నాను! గీత కూడా చూసుకోలేదు. ఇన్నేళ్లుగా కూరుతున్నాను, నాన్నని కూరే రోజున మందు మర్చిపోయాను! హోబర్ట్ బాబాయ్‌కి తెలిస్తే ఇంక నేను ఈ కొండల్లో బతకలేను!"

"హోబర్ట్‌కి చెప్పొద్దు. వాన పడిందని చెబుదాం."

"వాన పడలేదు!"

"పక్క జిల్లాలో పడింది."

"నాన్న తుపాకీలో ఇరుక్కుపోయాడమ్మా."

"ఇరుక్కోలేదు. ఉన్నాడు."

"బెజ్జంలోంచి కొంచెం కొంచెంగా మందు ఎక్కించొచ్చు. సూదితో పొడుస్తూ. కాస్త ఎక్కితే చాలు, ఆకాశంలోకి కొట్టేస్తే బయటికొచ్చేస్తాడు."

"ఆకాశంలోకెందుకు? ఆయన ఆకాశం అడిగాడా? పుంజునడిగాడు."

"పుంజు ఇంక రాదు. ఆ మంట కళ్లారా చూశాడు. ఈ సీజన్ అంతా గుట్ట దిగడు."

"అయితే వచ్చే ఏడు."

"వచ్చే ఏడా? ఏడాదంతా నాన్నని తుపాకీలో ఉంచుతామా?"

"మందు లేదు కదా. మందు లేని తుపాకీ కర్రతో సమానం. వంటింట్లో పొయ్యి పక్కన మేకుంది, దానికి తగిలిస్తా."

"తుప్పు పడుతుంది."

"రోజూ నూనెతో తుడుస్తా."

"కాఫీ ఎక్కడ పెడతావు? మూతి దగ్గరా?"

"పెడితే తప్పేంటి? లే, లే. నేల తడిగా ఉంది. ఇంటికెళ్లి గుడ్లు వండుతా. నాకు ఆకలేస్తోంది."

"ఆకలా? నీకా? నాన్న పోయిన నవంబరు నుంచి నీ నోట ఆ మాట విన్లేదు. అమ్మా, ఒక్క నిమిషం కూర్చో. ఇవాళ నువ్వు అదోలా ఉన్నావు. మొహం ముందు మంట లేచింది, నువ్వు అరవలేదు. వేళ్లు లెక్కపెట్టమనలేదు. చెవులు కూడా మూసుకోలేదు. ఇంకో రోజైతే ఈపాటికి ఎర్ర డబ్బా మలుపు దగ్గర ఆంబులెన్స్ నిలబడి ఉండేది."

"ఇవాళ నాకు భయం వెయ్యలేదు."

"నీకు? భయం వెయ్యలేదా? ఎందుకని?"

"తుపాకీ ఇటివ్వు. జాగ్రత్తగా, మూతి పైకి పెట్టి. నేను పట్టుకుంటా."

"అమ్మా. నేనడిగింది చెప్పు."

"మాట్లాడొద్దన్నావు కదరా."

"ఇప్పుడు మాట్లాడు."

"నువ్వు కొలత కింద పెట్టి బిళ్ల దింపినప్పుడు నేను నీ చేతులే చూస్తున్నాను."